కళ్ళకు ఎనభై రూపాయలు

యతిరాజ్ కోడిగుడ్ల అట్టలో సైన్యాన్ని తెస్తాడు.
గుంటకో వీరుడు, ముప్పై గుంటలు.
చిటికెన వేలి గోరంత మొహాలు
బూడిదరంగు ప్రైమర్ కింద, గుడ్డిగా.
కొసపేటలో మా వాకిలి దాటాలంటే
ఆరబెట్టిన వినాయకుల తొండాలు తప్పించుకోవాలి.
వాడు అట్టని నెత్తిన పెట్టుకుని వస్తాడు.

"అక్కా, వచ్చే ఆదివారం యుద్ధం."

నేను మొదట అడిగేది రంగు కాదు.
వీడికేం చేతనవును?

మా మామగారు నేర్పిన పద్ధతి ఇది:
కొలువుబొమ్మకి కళ్ళు ఆఖర్న పెట్టాలి,
పెట్టేముందు దాని పనేమిటో తెలుసుకోవాలి.
చెట్టిగారి చూపు తక్కెడ మీద ఉండాలి,
పాలమ్మే మనిషి చూపు దూడ మీద.

యతిరాజ్ చీటీలు తీసి చదువుతాడు,
ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో, మధ్యలో తమిళం చిలకరించి.
వీడు గాయపడితే పాచికకి రెండు కలుస్తాయి.
అయితే కనుకొలకుల్లో ఎరుపు.
ఇది నీడలోంచి నీడలోకి నడుస్తుంది, ఎవరికీ కనబడదు.
కనబడని దానికి కళ్ళెందుకురా, ఎనభై మిగిలాయి నీకు.
ఈ ముసలావిడ, పడిపోయిన వాళ్ళని ఒక్కసారి,
ఆట మొత్తానికి ఒకే ఒక్కసారి, లేపగలదు.

ఆవిడ దగ్గర చాలాసేపు ఆగాను.
ఒక్కసారే అని తెలిసిన కళ్ళు ఎలా ఉంటాయి?
సగం రెప్ప దించి వదిలేశాను,
ఎవరిని లేపాలో ఇంకా తేల్చుకోలేదన్నట్టు.

చివరి గుంటలో నగారావాడు.
ఎనిమిది పాయింట్లు. కత్తి లేదు.
"వీడేం చెయ్యడక్కా. ఆరంగుళాల లోపలున్న మనవాళ్ళు
భయపడి పారిపోరు. అంతే."

అంతే, అన్నాడు.

అన్నానగర్‌లో బేకరీ పైన రెండో అంతస్తు.
తీసుకెళ్ళమని నేనే అడిగాను,
ఏడాదిన్నరగా రంగులేస్తున్నా
నా వాళ్ళు ఎలా కొట్టుకుంటారో చూడలేదని.
థర్మోకోల్ కొండలు, కొలతటేపు, పఫ్‌ల పొట్టు.
ఏడుగురు మగపిల్లలు, ఒక్క శెంబగవల్లి.
ఎప్పుడూ గెలిచేది ఆ పిల్లేనట.

రెండో రౌండుకే ఆ పిల్ల బాణం తగిలి
నగారావాడు పడ్డాడు.
యతిరాజ్ వాణ్ణి తీసి పఫ్ ప్లేటు పక్కన పెట్టాడు,
ఎవరెవరు ఎంత దూరంలో ఉన్నారో టేపు కూడా వెయ్యలేదు.

మూడో రౌండులో
గద్ద మీది ప్రభువు, నూట నలభై పాయింట్లు,
బంగారు పూతకే నాకు రెండు రాత్రులు తిన్నవాడు,
పాచికలో రెండు పడగానే
వెన్ను చూపించి బల్ల అంచు దిగిపోయాడు.
వాడి వెనక ఈటెలవాళ్ళు.
వాళ్ళ వెనక ముసలావిడ,
లేపే ఆ ఒక్కసారీ ఇంకా చేతిలోనే పెట్టుకుని.

"లక్కు లేదు" అన్నాడు యతిరాజ్.
శెంబగవల్లి ప్లేటు వంక చూసింది. నేనూ చూశాను.
మొదటి బాణం వాడికే ఎందుకని నేనడగలేదు.

విరిగిన చెయ్యి అతికించమని
నగారావాడు మళ్ళీ మా ఇంటికొచ్చాడు. ఇది నాలుగోసారి.
ఫెవిక్విక్ ఆరేదాకా పట్టుకుని కూర్చున్నాను.
యతిరాజ్ వంగి, ఇన్నాళ్ళకి, వాడి మొహం చూశాడు.
"వీడికి మెల్లకన్నా అక్కా? అందరూ శత్రువుని చూస్తుంటే
వీడేంటి పక్కకి చూస్తున్నాడు?"

వీడి పని అదేరా, అన్నాను.
పక్కవాడు ఉన్నాడా లేడా అని.

చీటీ తీసి వెతికాడు. అందులో అలా లేదు.

అతుక్కి ఇరవై ఇచ్చి
వినాయకుల మధ్యనించి జాగ్రత్తగా వెళ్ళాడు
అట్ట నెత్తిన పెట్టుకుని.
ఈసారి నగారావాణ్ణి నడిమి గుంటలో పెట్టినట్టున్నాడు.
సరిగా చూడలేదు,
జిగురుకి అంటుకుపోయిన నా రెండు వేళ్ళూ
విడదీసుకుంటున్నాను.